పుండు మీద బయోఫిల్మ్‌ను పరీక్షించాలంటే ఎలుకా, కుందేలా, పందా?

కావలి నుంచి ఒక ఎం.ఫార్మసీ విద్యార్థిని అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. పసుపు, వేప సారాలతో ఆమె ఒక జెల్ తయారు చేశారు. బయోఫిల్మ్, అంటే బ్యాక్టీరియా తమ చుట్టూ కట్టుకునే జిగురు పొర, పట్టిన పుండ్ల మీద అది పని చేస్తుందో లేదో జంతువులలో చూడాలి. గైడు విస్టార్ ఎలుకలు, అంటే ప్రయోగశాలల్లో పెంచే తెల్ల ఎలుకలు, చాలన్నారు. చదివిన పత్రాలలో ఒకరు చిట్టెలుకను, ఒకరు కుందేలు చెవిని, మరొకరు పందిని వాడారు. చేతిలో ఉన్నది ఎనిమిది నెలలు. దేనిని ఎంచుకోవాలి?

ముందు సమాధానం చెప్పేస్తాను. మీ పరిస్థితిలో ఎలుకే. అయితే వీపు మీద గాయం చుట్టూ సిలికోన్ వలయం కుట్టిన ఎలుక. బ్యాక్టీరియా వేసిన రోజునే మందు రాయకుండా 48 నుంచి 72 గంటలు ఆగి, బయోఫిల్మ్ కట్టిందని కళ్ళారా చూసుకున్నాకే మందు మొదలుపెట్టాలి. మీ కళాశాలలో కుందేళ్ళను చూసుకునే చేయి తిరిగిన మనిషి ఉంటే కుందేలు చెవి ఇంకా మంచిది. బతికిన పంది మీ పని కాదు. ఇక ఆ ఎనిమిది నెలల్లో మొదటి మూడు నెలలు జంతువుల జోలికే వెళ్ళకండి.

నిజానికి ఏ జంతువు అన్నది రెండో ప్రశ్న అమ్మా. పుండులో ఉన్నది బయోఫిల్మేనని ఎలా చూపిస్తారన్నది మొదటిది. నా దగ్గరికి వచ్చే థీసిస్‌లలో ఎక్కువ భాగం రెండో ప్రశ్నకు పది పేజీలు, మొదటిదానికి ఒక వాక్యం కేటాయిస్తాయి.

నేను పశువైద్యుడిని. ఉద్యోగంలో తొలి ఏడేళ్ళు ప్రకాశం జిల్లాలో కొండపి వైపు పశువుల ఆసుపత్రిలో గడిచాయి. ఆ తర్వాత నెల్లూరులో ఒక కళాశాల జంతుశాల నా చేతికి వచ్చింది, పందొమ్మిదేళ్ళు చూశాను. బయోఫిల్మ్ అనే మాట వినకముందే దాని పనితనాన్ని చూసిన సంగతి ఒకటి చెబుతాను.

దుక్కుల కాలంలో కాడి ఒరిపిడికి ఎడ్ల మెడ మీద పుండ్లు పడతాయి. ఒక రైతు తన ఒంగోలు గిత్తను తీసుకొచ్చాడు. అరచేతి వెడల్పు పుండు, ఆరు వారాలుగా మానలేదు. పెద్దగా చీము లేదు, జ్వరం లేదు, మేత మానలేదు. గాజుగుడ్డతో తుడిస్తే తడి బండ మీద నాచులాగా జారే పలచని పొర ఒకటి ఊడి వచ్చింది. కింద ఎర్రగా, బాగానే ఉన్నట్టు కనిపించింది. మర్నాడు చూస్తే అదే పొర, అదే చోట. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వారం రోజులు పొడిచాను. పుండు నన్ను లెక్కచేయలేదు. చివరికి విసిగి, మత్తు ఇచ్చి, రక్తం చిమ్మే దాకా గీకేశాను. మూడు రోజులకొకసారి మళ్ళీ గీకడం, కట్టు కట్టడం, కాడి పూర్తిగా మాన్పించడం. నెలలో పూడింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడలేదు కాబట్టి అది బయోఫిల్మేనని ఈరోజు ప్రమాణం చేసి చెప్పలేను. కానీ తర్వాత పుస్తకాలలో చదివిన ప్రతి లక్షణం ఆ మెడ మీద ఉంది.

విషయమేమిటంటే, బ్యాక్టీరియా విడివిడిగా ఈదుతున్నప్పుడు ఒక రకం జీవి. ఒక ఉపరితలానికి అతుక్కుని, చక్కెర గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్‌ఏ కలిపి తమ చుట్టూ జిగురు కట్టుకున్నాక మరో రకం జీవి. ఆ జిగురులో లోపలి కణాలకు ఆక్సిజన్, ఆహారం సరిగా అందవు. అవి దాదాపు నిద్రలో ఉంటాయి. పెరుగుతున్న కణాలను చంపే మందులు నిద్రపోయేవాటిని ఏం చేస్తాయి? అందుకే ఈదే కణాలను చంపే మోతాదుకు పది నుంచి వెయ్యి రెట్లు వేసినా బయోఫిల్మ్ తట్టుకుంటుందని అంటారు. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో 50 దీర్ఘకాలపు పుండ్ల ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తే 60 శాతంలో బయోఫిల్మ్ కనిపించింది. అప్పుడే తగిలిన 16 గాయాలలో ఒక్కదానిలోనే ఉంది. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల్లో పని చేసి మధుమేహంతో కాలి పుండు తెచ్చుకున్నవారి బాధ ఈ 60 శాతం వైపుది. నిన్న కత్తి తెగిన వేలిది కాదు.

ఇప్పుడు మీ ప్రయోగానికి వద్దాం. మన దగ్గర సాధారణంగా జరిగేది ఇది: ఎలుక వీపు గొరిగి, ఒక గాయం చేసి, దాని మీద పుండ్లలో చేరే బ్యాక్టీరియా అయిన స్టాఫిలోకాకస్‌నో సూడోమోనాస్‌నో చల్లి, గంటలోనో మర్నాడో జెల్ రాస్తారు. పద్నాలుగు రోజుల్లో మానుతుంది. పత్రంలో మాత్రం బయోఫిల్మ్ పుండు మానిందని రాస్తారు. ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. ఆ గంటలో అక్కడ ఉన్నవి ఈదే కణాలు, వాటిని ఉప్పునీళ్ళతో కడిగినా సగం పోతాయి. ఇక ఎలుక పుండు మీరు ఏమీ రాయకపోయినా మానుతుంది.

ఆ రెండోది వివరంగా చెప్పాలి. ఎలుకకు, చిట్టెలుకకు చర్మం కిందే ఒక పలచని కండర పొర ఉంటుంది, పానిక్యులస్ కార్నోసస్ అంటారు. చర్మం వదులుగా ఉంటుంది. గాయం కాగానే సంచి మూతి తాడు లాగినట్టు అంచులు దగ్గరికి వచ్చేస్తాయి. మనిషిలో ప్రధానంగా కింద కొత్త కండ పెరిగి, పైన అంచుల నుంచి కొత్త చర్మపు కణాలు పాకుతూ వచ్చి కప్పాలి. ఎలుకలో మీరు కొలిచేది ముడుచుకోవడాన్ని, మీకు కావలసింది పాకడం. అందుకే 2004లో చిట్టెలుకల కోసం ఒక పద్ధతి వచ్చింది. గారె ఆకారంలో కోసిన సిలికోన్ ముక్కను గాయం చుట్టూ జిగురుతో అంటించి, పైన కుట్లు వేస్తారు. అంచులు కదలవు. ఇప్పుడు ఎలుకలకూ అదే చేస్తున్నారు.

నేను చేయించిన తీరు: 200 నుంచి 250 గ్రాముల ఎలుక, కీటమిన్, జైలజీన్ మత్తు, నొప్పికి మెలాక్సికామ్ లేదా బ్యూప్రెనార్ఫిన్. భుజాల మధ్య 8 మిల్లీమీటర్ల వెడల్పున చర్మాన్ని గుండ్రంగా కోసే పంచ్‌తో పూర్తి మందం గాయం. నడుము దగ్గర వద్దు, అక్కడికి నోరు అందుతుంది. అర మిల్లీమీటరు మందం సిలికోన్ రేకు నుంచి వలయం కోసి, లోపలి అంచు గాయానికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా అంటించి, నైలాన్ దారంతో ఎనిమిది కుట్లు. జిగురు ఒక్క బొట్టు గాయంలోకి కారినా ఆ ఎలుక లెక్కలోంచి పోయినట్టే. పైన గాలి ఆడే పారదర్శక పొర, టెగాడెర్మ్ లాంటిది.

మొదటి బ్యాచ్‌లో ఒక ఎలుక మూడో రోజు రాత్రి వలయాన్ని సగం కొరికి తినేసింది. ఉదయం చూస్తే వలయం చెవి దగ్గర వేలాడుతోంది, గాయం అప్పటికే ఎలుక కన్ను అంత చిన్నదైంది. పక్క పంజరంలో వలయం గట్టిగా ఉన్న ఎలుక గాయం ఇంకా నిండు గుండ్రంగానే ఉంది. ఏ మందూ రాయని ఆ రెండు ఎలుకలను పక్కపక్కన పెట్టి ఫోటో తీసి గోడకు అంటించాను. వచ్చిన ప్రతి విద్యార్థికీ ముందు ఆ ఫోటోనే చూపించేవాణ్ణి. వలయం ఊడిన ఎలుకను ఏం చేస్తారో ప్రయోగానికి ముందే రాసి పెట్టుకోండి. ఊడాక ఆలోచిస్తే మనసు మనకు అనుకూలమైన ఎలుకలనే ఉంచుకోమంటుంది.

ఒక ఎలుకకు రెండు గాయాలు చేసి రెండు ఎలుకలుగా లెక్కపెట్టకండి. ఒకదాని మీద మందు రాస్తే రక్తంలోకి వెళ్తుంది, కాలితో గోకి రెండోదానికీ పూస్తుంది. ఒక్కో ఎలుకను ఒక్కో పంజరంలో ఉంచండి. కలిపి ఉంచితే ఒకదాని పుండును ఇంకొకటి నాకుతుంది.

బ్యాక్టీరియా సంగతి. ఒక గాయానికి సుమారు పది లక్షల కణాలు వేయడం వాడుక. సూడోమోనాస్ అయితే పీఏఓ1 రకం దొరుకుతుంది. 1954లో మెల్‌బోర్న్‌లో ఒక రోగి గాయం నుంచి తీసినదాని సంతతి అది, ప్రపంచమంతా వాడుతుంది. స్టాఫిలోకాకస్‌కు ఏటీసీసీ అనే అమెరికా సూక్ష్మజీవుల భాండాగారపు ప్రామాణిక రకం తీసుకోండి. ఆసుపత్రి నుంచి తెచ్చిన మొండి రకం వాడాలన్న ఉబలాటం మొదటి ప్రయోగంలో వద్దు. మీ ఫలితం తేడా వస్తే అది జెల్ వల్లనా, ఆ రకం వల్లనా అన్నది తేలదు. పైగా ఆ ఊక, ఆ కట్లు, ఆ కళేబరాలు బయటికి వెళ్ళేటప్పుడు బాధ్యత మీది.

తొందరగా బయోఫిల్మ్ కావాలంటే ఇంకో దారి ఉంది. పాలికార్బొనేట్ పొర మీద ప్రయోగశాలలోనే మూడు రోజులు బయోఫిల్మ్ పెంచి, ఆ పొరను గాయం మీద బోర్లించడం. మధుమేహపు చిట్టెలుకల మీద 2010లో ఇలా చేశారు. గాయమైన రెండు రోజులకు దాన్ని పెట్టారు. ఎంత బయోఫిల్మ్ పెట్టామో ముందే తెలుస్తుంది. సహజంగా పుండులో పుట్టింది కాదనే విమర్శ ఉంది. నాకైతే ఎనిమిది నెలల థీసిస్‌కు ఆ విమర్శ పెద్ద అడ్డం కాదు.

మీ కుట్లే మీకు శత్రువు కావచ్చు. ఈ మాట ఎవరూ చెప్పరు. 1957లో ఇంగ్లండ్‌లో మనుషుల మీదే చేసిన ఒక ప్రయోగంలో, స్టాఫిలోకాకస్‌తో చర్మంలో చీము పట్టించాలంటే లక్షల సంఖ్యలో కణాలు కావలసి వచ్చింది. పట్టు దారపు కుట్టు ఒకటి ఉంచితే కొన్ని వందలే సరిపోయాయి. దారం బ్యాక్టీరియాకు అంత సుఖమైన ఇల్లు. మీ వలయం చుట్టూ ఎనిమిది కుట్లున్నాయి. పుండు ముక్క తీసేటప్పుడు కుట్టును కలిపి కోస్తే మీరు లెక్కించేది నైలాన్ మీది బయోఫిల్మ్‌ను. అందుకే ముక్క గాయం నడిమధ్య నుంచే తీయాలి.

ఇక రుజువు. నేను మూడు సాక్ష్యాలు అడిగేవాణ్ణి.

ఒకటి, కంటికి కనిపించాలి. మందు మొదలుపెట్టే రోజున ప్రతి గుంపు నుంచి ఒకటి రెండు ఎలుకల పుండు ముక్కలు తీసి స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి పంపండి. ముక్కను ఆరబెట్టేటప్పుడు జిగురు కుంచించుకుపోయి దారపు పోగుల్లా కనిపిస్తుంది, గడ్డకట్టిన ఫైబ్రిన్ కూడా అలాగే ఉంటుంది. దానిని చూసి జిగురు అనుకున్నవారు చాలామంది. బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ఆ పోగుల్లో కూరుకుని ఉండాలి. మెరిసే రంగులతో పొర పొరగా చూపించే కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని అందుబాటులో ఉంటే మరీ మంచిది.

రెండు, లెక్క. ముక్కను మెల్లగా కడిగి వదులుగా ఉన్నవాటిని తీసేసి, మిగిలినదాన్ని నూరి, ధ్వని తరంగాలతో అదిపే సోనికేటర్‌లో పెట్టి, గుంపులు విడిపోయాక పళ్ళేలలో పెంచి గ్రాముకు ఎన్ని అని చెప్పాలి. సోనికేటర్ లేకుండా లెక్కపెడితే వెయ్యి కణాల ఉండ ఒకే చుక్కగా మొలుస్తుంది. బయోఫిల్మ్ ఎంత గట్టిదైతే లెక్క అంత తక్కువ వస్తుంది, మీ జెల్ గెలిచినట్టు కనిపిస్తుంది.

మూడోది నాకు ఇష్టమైనది. ఒకే పుండు ముక్కను రెండు భాగాలు చేసి, ఒకటి ఉప్పునీళ్ళలో, ఒకటి ఈదే కణాలను పూర్తిగా చంపగల మోతాదు జెంటామైసిన్‌లో కొన్ని గంటలు ఉంచండి. పక్కనే అదే రకం ఈదే కణాలను అదే మందులో పెట్టండి. అవి చచ్చి, ముక్కలోనివి బతికితే బయోఫిల్మ్ ఉందని చెప్పడానికి మంచి ఆధారం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఖర్చు లేదు. మామూలు మైక్రోబయాలజీ ప్రయోగశాలలో అయిపోతుంది.

ఇక మీ పసుపు. మీ ప్రశ్నలో అందరూ దాటేసినది ఇదే. పసుపులోని రంగు పదార్థమైన కర్క్యుమిన్ తానే ఆకుపచ్చగా మెరుస్తుంది. కాన్ఫోకల్‌లో బతికిన కణాలకు వాడే రంగు కూడా ఆకుపచ్చే. జెల్ రాసిన పుండు ముక్కను చూస్తే అంతా ఆకుపచ్చగా వెలిగి, మందు వేసినందుకు బ్యాక్టీరియా పెరిగిందని తేలుతుంది. రంగు వేయని, జెల్ రాసిన ముక్కను ఒకటి విడిగా చూసి ఆ మెరుపు ఎంతో ముందే తెలుసుకోండి, లేదా వేరే రంగులో మెరిసే పదార్థం వాడండి.

ఇంకో చిక్కు. పసుపు రాసిన పుండు పచ్చగా ఉంటుంది. ఫోటోలో గాయం వైశాల్యం కొలిచేవారికి ఏ ఎలుకకు మందు రాశారో చూడగానే తెలిసిపోతుంది. గుంపుల పేర్లు దాచిపెట్టి లాభం ఏముంది? ఖాళీ జెల్‌లో హానిలేని పసుపు రంగు కలపండి, ఫోటో తీసేముందు పుండును కడగండి, ఫోటోలను నలుపు తెలుపుగా మార్చి మీ ప్రయోగంతో సంబంధం లేని స్నేహితురాలి చేత కొలిపించండి.

ముక్కలో మిగిలిపోయిన జెల్ పళ్ళెం మీదికి కూడా వస్తుంది. పుండులో చావని బ్యాక్టీరియా పళ్ళెం మీద మొలవకపోతే మీకు అబద్ధపు విజయం. తెలిసిన సంఖ్యలో బ్యాక్టీరియాను మీ జెల్ కలిసిన ముక్క ద్రావణంలో వేసి, అన్నీ మొలుస్తున్నాయో లేదో ఒకసారి సరిచూడండి. ఇది ఒక పూట పని.

గుంపులు కనీసం ఇవి ఉండాలి: బ్యాక్టీరియా లేకుండా ఖాళీ జెల్, బ్యాక్టీరియాతో ఖాళీ జెల్, బ్యాక్టీరియాతో మీ జెల్, బ్యాక్టీరియాతో ఇప్పుడు వాడుకలో ఉన్న మందు, అంటే సిల్వర్ సల్ఫడయజీన్ లేదా ముపిరోసిన్. ఖాళీ జెల్ గుంపును తీసేద్దామని గైడు అంటే ఒప్పుకోకండి. 1962లో ఇంగ్లండ్‌లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చూపించినది అదే. గాయం ఎండిపోకుండా తేమగా ఉంటే చాలు, చర్మం వేగంగా కప్పుకుంటుంది. మీ కార్బోపాల్ జెల్‌లో ఏ మందూ లేకపోయినా ఆ తేమ ఉంది. సారాలను కరిగించడానికి డీఎంఎస్ఓ వాడి ఉంటే ఖాళీ జెల్‌లోనూ అంతే డీఎంఎస్ఓ ఉండాలి.

మధుమేహం కలపాలా అని మీరు చివర్లో అడిగారు. అవసరమైతేనే. ఇన్సులిన్ తయారుచేసే కణాలను చెడగొట్టే స్ట్రెప్టోజోటోసిన్ కిలోకు 50 నుంచి 60 మిల్లీగ్రాములు, చల్లని సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి నిమిషాల్లో పొడవాలి. కలిపి టీ తాగి వస్తే సీసాలో మందు ఉండదు. మొదటి రోజు చెడిన కణాల నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా బయటికి వచ్చి చక్కెర పడిపోతుంది, గ్లూకోజు నీళ్ళు పెట్టకపోతే తెల్లారేసరికి కొన్ని చచ్చి ఉంటాయి. మూడో రోజు చక్కెర 250 దాటినవాటినే తీసుకోండి. తర్వాత అసలు బాధ మొదలవుతుంది. ఆ ఎలుకలు పంజరాన్ని రోజూ తడిపేస్తాయి. తడిసిన ఊక మీద పడుకున్న పుండులో మీరు వేయని బ్యాక్టీరియా చేరుతుంది.

ఊక అన్నాను కదా. నెల్లూరులో వరి ఊకకు కొదవ లేదు, జంతుశాలలన్నీ అదే పరుస్తాయి. పుండు ప్రయోగాలకు అది పనికిరాదు. ఊక మొన సూదిలా ఉంటుంది, పుండులో గుచ్చుకుంటే అది ఇంకో దారపు కుట్టు. గాయం అయినప్పటి నుంచి వేడి ఆవిరిలో శుద్ధి చేసిన కాగితపు పీలికలు గానీ మొక్కజొన్న కంకి బెండు గానీ పరచండి.

ఇంకొకటి, మే నెలలో మొదలుపెట్టకండి. ఒక వేసవిలో మా ఎయిర్ కండిషనర్ శనివారం రాత్రి ఆగిపోయింది. కాపలా మనిషి సోమవారం దాకా చెప్పలేదు. ఎలుకలు చావలేదు, అన్నీ బతికే ఉన్నాయి. కానీ మేత సగం మానాయి, బరువు తగ్గాయి. ఆ గుంపు పుండ్లన్నీ ఆలస్యంగా మానాయి. ఒక విద్యార్థి ఆరు వారాల పని పోయింది. ఆ అంకెలను వాడేద్దామని అతను బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ కనిపిస్తే ముఖం తిప్పుకుంటాడు.

కుందేలు చెవి ఎందుకు మంచిదన్నానో చెప్పాలి. చెవి లోపలి వైపు చర్మం కింద మృదులాస్థి పలకలా ఉంటుంది. చర్మం దానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గాయం ముడుచుకోదు. వలయం, కుట్లు, జిగురు ఏవీ అక్కర్లేదు. 2011లో అమెరికాలో దీనిని బయోఫిల్మ్‌కు పనికొచ్చేలా తీర్చిదిద్దారు. 6 మిల్లీమీటర్ల పంచ్‌తో మృదులాస్థి దాకా గాయాలు చేసి, పది లక్షల స్టాఫిలోకాకస్ వేసి, బయోఫిల్మ్ కట్టాక పైన ఈదే కణాలను పైపూత మందుతో చంపేశారు. మిగిలింది బయోఫిల్మ్ మాత్రమే. ఈ చిన్న ఎత్తుగడ నాకు ఎంతో నచ్చింది. మీరు ఎలుకలోనూ చేయవచ్చు. ఆ పుండ్లకు జ్వరమో కుళ్ళో లేదు, మానడం మాత్రం మందగించింది. మా గిత్త మెడ లాగే.

కుందేలుతో ప్రమాదం ఒకటి. ఎంత కట్టు కట్టినా చెవిని ముంగాలితో దువ్వుకుని నాకుతుంది. పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్ లాంటివి దాని కడుపులోకి వెళ్తే పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, విరేచనాలతో కుందేలే పోతుంది. పోల్చి చూసే గుంపుకు మందు ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. మెడకు పట్టీ తప్పనిసరి.

చిట్టెలుక గురించి ఎక్కువ చెప్పను. పుట్టుకతో మధుమేహం వచ్చే రకాలు, జన్యువులు మార్చిన రకాలు దానిలోనే దొరుకుతాయి. ఒక ముచ్చటైన మోడల్ మాత్రం ఉంది. మధుమేహపు చిట్టెలుక గాయంలో ఆక్సిజన్ వల్ల పుట్టే విషాలను విరిచే ఎంజైములను అడ్డుకుంటే, బయటి నుంచి ఏ బ్యాక్టీరియా వేయకపోయినా, దాని చర్మం మీద ఉన్నవే బయోఫిల్మ్ కట్టి పుండు వారాల తరబడి నిలుస్తుంది. మన కాలి పుండుకు అన్నిటికంటే దగ్గరిది ఇదేనని నా అభిప్రాయం. ఖరీదు చూస్తే మాత్రం మన కళాశాలలు నోరు మూసుకుంటాయి.

పంది చర్మం మన చర్మానికి దగ్గర. వెంట్రుకలు పలచన, పై పొర మందం, కింద కొవ్వుకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, పాకే పద్ధతిలోనే మానుతుంది. 2001లో ఒక సమీక్ష పాత ఫలితాలను మనుషుల ఫలితాలతో పోల్చి చూస్తే పంది 78 శాతం సరిపోయింది, చిన్న జంతువులు 53 శాతమే. 2008లో పంది గాయాలలో స్టాఫిలోకాకస్ 48 గంటల్లో బయోఫిల్మ్ కట్టిందని, అప్పటికి అదే ముపిరోసిన్ ఈదే కణాల మీద పని చేసినంతగా దాని మీద పని చేయలేదని చూపించారు. 2014లో వచ్చినది మరీ ముఖ్యం. పంది కాలిన గాయాలలో రెండు రకాల బ్యాక్టీరియా బయోఫిల్మ్ ఉన్నా పైకి పుండు మూసుకుంది. కానీ కొత్త చర్మం గుండా నీరు కారుతూనే ఉంది. మూత పడింది, మానలేదు. కాబట్టి మీరు ఎలుకలోనైనా గాయం వైశాల్యం ఒక్కటే కొలవకండి. చర్మం గుండా ఆవిరయ్యే నీటిని కొలిచే చిన్న పరికరం మీ ఫార్మాస్యూటిక్స్ విభాగంలో ఉండే అవకాశం ఉంది, అడగండి. లేదంటే ముక్కలు కోయించి కొత్త పై పొర మందం అయినా చూడండి.

ఏ జంతువు వాడినా రాసేటప్పుడు మాట జాగ్రత్త. మనిషి కాలి పుండు నెలలు, ఏళ్ళు ఉంటుంది, అందులో అయిదారు రకాల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మీ ఎలుకది ఒకే రకంతో మూడు నాలుగు వారాల సంగతి. దానిని ఆలస్యంగా మానిన పుండు అనండి. దీర్ఘకాలపు పుండు అని రాస్తే వైవాలో నాలాంటివాడు పట్టుకుంటాడు.

అనుమతుల గురించి త్వరగా చెబుతాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ పేరు ఇప్పుడు సీసీఎస్ఈఏ, పాత పత్రాలలో సీపీసీఎస్ఈఏ అని ఉంటుంది. మీ కళాశాల జంతు నైతిక కమిటీకి ఫారం బి ఇవ్వాలి. ఆమోదం రాకముందు ఒక్క ఎలుకను కొన్నా తప్పే. ఎన్ని ఎలుకలో గణాంకాలవారితో కూర్చుని లెక్క వేసి రాయండి, ఊడిపోయే వలయాలకు కొన్ని కలుపుకోండి. నొప్పి ఎలా తగ్గిస్తారో, ఏ దశలో ప్రయోగం ఆపి జంతువును శాంతిగా పంపేస్తారో వివరంగా రాసిన దరఖాస్తును నేను ఎప్పుడూ వెనక్కి పంపలేదు.

మిగిలింది ఆ మొదటి మూడు నెలలు. ముందు ప్లాస్టిక్ పళ్ళెం గుంటల్లో బయోఫిల్మ్ పెంచి, దానికి పట్టే రంగు అయిన క్రిస్టల్ వయొలెట్‌తో మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోకండి. తర్వాత ప్లాస్మా, గుర్రపు రక్తం కలిపిన ద్రవంలో సూడోమోనాస్, స్టాఫిలోకాకస్, ఎంటరోకాకస్‌లను కలిపి పెంచే లబ్బక్ మోడల్ 2008 నుంచి ఉంది, చేయడం కష్టం కాదు. అందులో మీ జెల్ ఓడిపోతే ఎలుకలో గెలుస్తుందని ఆశ పెట్టుకోకండి, ముందు జెల్ తయారీ సూత్రాన్ని మార్చండి. ఆ తర్వాత పంది చర్మం. బతికిన పంది అక్కర్లేదు, మాంసానికి కోసిన దాని చెవి చాలు. దాని మీద పంచ్‌తో చిన్న గుంటలు చేసి, బ్యాక్టీరియాను పెంచే అగార్ మీద పరచి, బ్యాక్టీరియా వేస్తే రోజు రెండు రోజుల్లో నిజమైన చర్మం మీద బయోఫిల్మ్ కడుతుంది.

చెవులు ఎక్కడ దొరుకుతాయని మీరు తప్పకుండా అడుగుతారు. కోసే చోటికి తెల్లవారుజామున మీరే వెళ్ళండి, ముందు రోజే చెప్పి డబ్బు ఇచ్చి రండి. వెంట్రుకలు పోవడానికి వాళ్ళు చర్మాన్ని మంట మీద కాలుస్తారు, లేదా మరిగే నీళ్ళు పోస్తారు. ఆ తర్వాత ఇచ్చిన చెవి ఉడికిన తోలు, దేనికీ పనికిరాదు. కాల్చకముందే చెవులు కోసి ఇమ్మనండి, మంచు పెట్టెలో వేసుకుని బస్సు ఎక్కండి. వెంట్రుకలను ప్రయోగశాలలో క్లిప్పర్‌తో తీసుకోవచ్చు.